నలభై ఆరు మార్కులు

పోయిన వారం మిమ్మల్ని ఎక్కడ వదిలేశానో నాకు బాగా గుర్తుంది. శుక్రవారం సాయంత్రం, మా వార్డు హాల్లో, మా అత్తయ్య కుడి మణికట్టుకి పెద్ద మేడమ్ ఆకుపచ్చ పట్టీ వేస్తోంది. పేషెంట్లందరూ చప్పట్లు కొడుతున్నారు. ఒక చెయ్యి లేవనివాళ్ళు రెండో చేత్తో తొడ మీద కొట్టుకుంటున్నారు. నేను కూడా కొట్టాను. సిగ్గులేని చేతులు.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళకి మళ్ళీ నిలబడటం, నడవటం నేర్పే వార్డులో పని చేస్తున్నాను. పదకొండు వారాల కిందట మా అత్తయ్యకి స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది. పెద్దాసుపత్రిలో రెండు వారాలుంచి మా వార్డుకి పంపారు. ఇంటివాళ్ళకి ఇంటివాళ్ళు వైద్యం చెయ్యకూడదని మా దగ్గర నియమం. కానీ వార్డు మొత్తానికి ఉన్నది ఇద్దరం. రెండో ఆమె ప్రసవానికి సెలవు పెట్టింది. మా పైన ఉన్న పెద్ద మేడమ్ ఒక రోజంతా తల పట్టుకుని కూర్చుని, చివరికి "సరే, నువ్వే చూడు" అంది.

ప్రతి శుక్రవారం పేషెంట్లకి బ్యాలెన్సు పరీక్ష పెడతాం. కుర్చీలోంచి లేవడం, కళ్ళు మూసుకుని నిలబడటం, కింద పడ్డ చెప్పు తియ్యడం, ఒంటికాలి మీద నిలబడటం, ఇలాంటివి పద్నాలుగు. ఒక్కోదానికి నాలుగు మార్కులు, మొత్తం యాభై ఆరు. నలభై అయిదు దాటితే ఆకుపచ్చ పట్టీ, అంటే తోడు లేకుండా నడవచ్చు. అంతకన్నా తక్కువైతే పసుపు పట్టీ, పక్కన ఒక మనిషి ఉండాలి. మరీ తక్కువైతే ఎరుపు, ఇద్దరు పట్టుకోవాలి. వరసగా రెండు వారాలు మార్కులు కదలకపోతే ఆ మంచం తరవాతి మనిషికి ఇచ్చేస్తారు. బయట కాచుకుని ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఇక మా అత్తయ్య. ముప్పై ఒక్క ఏళ్ళు బళ్ళో డ్రిల్లు టీచరు. పిల్లలు పెట్టిన పేరు విజిలమ్మ. మా ఆయన ఆవిడకి ఒక్కడే కొడుకు, అదే బళ్ళో చదివాడు. ఏడో తరగతిలో ఒంటికాలి మీద అర నిమిషం నిలబడలేకపోయాడని సొంత కొడుక్కి డ్రిల్లులో ఫెయిల్ మార్కులు వేసింది. ఆ సంగతి మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతాడు, అది గర్వమో కడుపుమంటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మార్కంటే ఆవిడకి మార్కే. ప్రతి శుక్రవారం నా చేతిలో కాగితం లాక్కుని, కూడిక సరిగ్గా ఉందో లేదో వేలు పెట్టి చూసుకునేది.

నాలుగో వారం ఆవిడకి ఇరవై నాలుగు వచ్చింది. అయిదో వారమూ ఇరవై నాలుగే వచ్చేటట్టు ఉంది. అంటే ఇంటికి పంపెయ్యాలి. పరీక్షలో మనిషిని ముట్టుకోకూడదు, పడబోతే పట్టుకోవడానికి దగ్గర్లో ఉండాలి, అంతే. ఆ రోజు ఒంటికాలి మీద ఆవిడ ఊగిపోతుంటే, నడుముకి కట్టిన బెల్టుని వెనకనించి, ఎడమవైపు, రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ఎడమ పక్క ఆవిడకి స్పర్శ లేదు. ఎవరో పట్టుకున్నారని తెలియనే తెలియదు. పది అంకెలు లెక్కపెట్టి కాలు దించి, "రాయి, నాలుగు" అంది.

రాశాను. ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. ఇరవై నాలుగు కాస్తా ఇరవై ఎనిమిది అయింది. తరవాతి వారం ముప్పై మూడు, ఆ పైన ముప్పై ఏడు, నలభై ఒకటి, నలభై ఆరు. రెండు వేళ్ళతో మొదలైన పని నాలుగు వారాలు తిరిగేసరికి పిడికిలి అయింది. నలభై ఆరు రాసిన రోజు అసలు మార్కులు ఇరవై తొమ్మిది. ఆ లెక్క నా మనసులో తప్ప ఏ కాగితం మీదా లేదు.

ఇదీ కథ. ఇక సోమవారం.

శని, ఆదివారాల్లో మా ఆయన చెయ్యాల్సినవన్నీ చేసేశాడు. అమ్మ కోసం మా ముందుగదిలో వేసిన మంచం విప్పి గోడకి నిలబెట్టాడు. పగలు తోడుండటానికి మాట్లాడుకున్న ఆయాకి రావద్దని చెప్పేశాడు. అత్తయ్య సోమవారం నాలుగింటికి వార్డు నుంచి నేరుగా తన ఇంటికి వెళుతుంది, ఎప్పటిలాగే ఒక్కతే ఉంటుంది. రెండు గదులు, నున్నటి నేల, గడప ఎత్తుగా ఉన్న బాత్‌రూము. ఆ గడప దగ్గర కాళ్ళు బాగున్న నేనే రెండుసార్లు తట్టుకుని పడబోయాను. మా ఆయన మంచం మరలు విప్పుతూ ఈల వేస్తుంటే, ఆ మరలు ఒక డబ్బాలో వేసి మూత పెట్టి ఇచ్చింది నేనే. చెప్పాలని నోరు తెరిచాను, "స్పానరు ఇటివ్వు" అన్నాడు, ఇచ్చాను.

సోమవారం ఎనిమిదింటికి వార్డుకి వెళ్ళేసరికి అత్తయ్య మంచం అంచున కూర్చుని, ఒంటిచేత్తో బూటు లాక్కుంటూ కనిపించింది.

"నేను వేస్తాను ఉండండి అత్తయ్యా."

"వద్దు. రేపణ్నించి ఎవరు వేస్తారు నాకు? జరుగు."

పక్క మంచం ఆమెని వార్డులో అందరూ రేడియో అంటారు. పొద్దున లేచిన దగ్గర్నించి ఆగదు. "మీ అత్తగారు మా అందరికీ లీడరమ్మా," అంది. "నిన్న కూడా మాకు క్లాసు పీకారు. భయపడితే కాళ్ళు బిగుసుకుంటాయంట. నేను పచ్చ పట్టీ వేయించుకుని గానీ ఇంటికి వెళ్ళనని మా ఆయనకి ఫోన్లో చెప్పేశాను."

"బుద్ధిగా ప్రాక్టీసు చేస్తే నీకూ వస్తుంది," అంది అత్తయ్య. "ఇక్కడ ఎవరికీ ఊరికే వెయ్యరు."

నేను వంగి రెండో బూటు ఆవిడకి అందేటట్టు జరిపాను.

ఆ పూట ఆవిణ్ణి హాల్లో నడిపించాను. అలవాటుగా చెయ్యి బెల్టు మీదకి పోయింది. నడుస్తున్నంతసేపూ ఆవిడ బరువు నా మణికట్టులోకి దిగుతూనే ఉంది, ఎడమ మోకాలు ప్రతి అడుక్కీ వెనక్కి తంతోంది, పాదం వేళ్ళు నేలని రాసుకుంటున్నాయి. ఆవిడ మాత్రం తల ఎత్తి, గడ్డం ముందుకు పెట్టి, ఇంటికెళ్ళాక కొనుక్కోవాల్సిన సబ్బుల లెక్క చెబుతోంది. వీధి చివరి దుకాణానికి తనే వెళుతుందట. వీధి చివరికి వెళ్ళాలంటే రోడ్డు దాటాలి. నేను "ఊఁ" కొడుతున్నాను.

పన్నెండింటికి ఇక తట్టుకోలేక పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళాను. ఆమె ఫైళ్ళ మీద సంతకాలు పెడుతోంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"మేడమ్, మా అత్తయ్య మార్కులు నలభై ఆరు కాదు."

"ఎంత?"

"ఇరవై తొమ్మిది."

కలం మూత పెట్టింది. అరిస్తే నాకు కొంచెం ఊపిరాడేది. ఈమె అరిచే రకం కాదు.

"ఎప్పట్నించి?"

"అయిదో వారం నుంచి. బెల్టు పట్టుకున్నాను. ప్రతిసారీ."

ఫైలు తెచ్చి నా ముందు తెరిచింది. ఒక్కో వారం నిజం ఎంతో చెప్పమంది. చెప్పాను. అయిదో వారం ఇరవై నాలుగు. ఆరు, ఇరవై ఆరు. ఏడు, ఇరవై ఏడు. ఎనిమిది, ఇరవై ఎనిమిది. తొమ్మిది, ఇరవై తొమ్మిది. నేను చెబుతుంటే నా అంకెల పక్కనే పెన్సిలుతో రాసుకుంటూ వచ్చింది. రాయడం అయ్యాక చాలాసేపు ఆ రెండు వరసలనే చూసింది.

"ఆవిడ మెరుగవుతోంది," అంది. "నెమ్మదిగానే, కానీ అవుతోంది. అయిదో వారం నా దగ్గరికి వచ్చి ఇంకొక్క వారం అడిగుంటే ఇచ్చేదాన్ని. ఆరో వారానికి రెండు పెరిగేది, ఇక అడగాల్సిన పనే ఉండేది కాదు. రెండు వారాలు కదలకపోతే పంపెయ్యాలని రాసింది నేనే. ఆపగలిగేదాన్నీ నేనే. ఎందుకు అడగలేదు?"

 అడిగితే ఇంటి మనిషని పక్షపాతం చూపిస్తున్నాను అనుకుంటారని భయపడ్డాను. ఆ భయంతోనే అంతకు పదింతల పక్షపాతం చేశాను. బుర్ర ఉన్నవాళ్ళు చేసే పనేనా ఇది?

"ఇప్పుడు ఇవ్వండి మేడమ్. నాలుగు వారాలు. నన్ను తీసెయ్యండి, వేరేవాళ్ళని పెట్టండి."

"మంచం శుక్రవారమే ఇచ్చేశాను. ఆయన మూడింటికి వస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళు, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు. అంబులెన్సు బయల్దేరి కూడా ఉంటుంది. ఆపమంటావా?"

ఆపండి అని నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటి మనిషి భార్యకి నేను ఫోన్లో ఏం చెబుతాను? రోజూ వాళ్ళ ఫోన్లు ఎత్తేది నేనే. తల అడ్డంగా ఊపాను.

"తప్పులో నాకూ వాటా ఉంది," అంది మేడమ్. "నిన్ను పెట్టింది నేను. నీ సంగతి, నా సంగతి రేపు తేలతాయి. ఈ రోజు చూడాల్సింది ఆవిడ సంగతి. పసుపు పట్టీతో ఇంటికి పంపుతున్నాను. ఇరవై నాలుగు గంటలూ పక్కన మనిషి ఉండాలని కాగితం మీద రాస్తాను. ఆ ఆకుపచ్చది నాలుగింటిలోపల తీసెయ్యాలి."

"మీరు చెప్పండి మేడమ్ ఆవిడకి. మీరంటే గౌరవం."

"వేసింది నేనే. కానీ వేయించింది నువ్వు. నువ్వే తియ్యి."

రెండున్నరకి మిగతా పేషెంట్లంతా భోజనాలు చేసి పడుకున్నారు. రేడియో కూడా ఆగింది. అత్తయ్య కుర్చీలో కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, రెండో కొస కుడిచేత్తో లాగి మడవటం నేనే నేర్పాను. మడతలు అంగుళం తేడా లేకుండా ఉన్నాయి.

"రా, కూర్చో. నీకొక మాట చెప్పాలి," అంది.

"నేనూ చెప్పాలి అత్తయ్యా."

"ముందు నాది విను. నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు మెత్తని మనిషివనుకున్నాను. మెత్తనివాళ్ళంటే నాకు పడదు, నీకు తెలుసు. మొదటి రోజు నువ్వు నాకు పదకొండు మార్కులు వేశావు. గుర్తుందా? అత్తగారని చూడకుండా పదకొండు. ఆ రోజే అనుకున్నాను, పరవాలేదు, దీని చేతిలో పడ్డాను కాబట్టి నడుస్తాను అని."

ఈ మాటలు వినడానికి ముందే ఆ గదిలోంచి పారిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. కాళ్ళు బాగున్నది నాకే, అయినా కదల్లేకపోయాను. కాస్త ఆగితే ఇక జన్మలో చెప్పలేనని తెలిసి, ఒక్క గుక్కలో చెప్పేశాను. బెల్టు, ఎడమ పక్క, వేళ్ళు, పిడికిలి, ఇరవై తొమ్మిది.

ఆవిడ తువ్వాలు మడత పూర్తి చేసింది. మిగతావాటి మీద పెట్టి, పైన చేత్తో సాపు చేసింది.

"నేను నిలబడ్డాను," అంది. "నేనే లెక్కపెట్టాను. పది."

"నేను పట్టుకున్నాను అత్తయ్యా."

"నాకు తెలియకుండా ఎలా పట్టుకుంటావు? నా ఒళ్ళు నాకు తెలియదా?"

ఏం చెప్పను? ఆవిడ ఒళ్ళు ఆవిడకి సగమే తెలుసు. ఆ మాట కోడలు అత్తగారితో ఎలా అంటుంది? ఫిజియోథెరపిస్టు పేషెంటుతో అనచ్చు, ఈ తొమ్మిది వారాల్లో వందసార్లు అనాల్సింది. అనలేదు.

"హాల్లోకి పద," అంది. టీచరు గొంతు. "అద్దం ముందు. నువ్వు చేతులు వెనక్కి కట్టుకో."

హాల్లో నిలువెత్తు అద్దం ఉంది. ఒళ్ళు ఎటు వంగుతోందో పేషెంట్లు చూసుకోవడానికి. ఇన్ని వారాలూ ఆవిణ్ణి దాని ముందు నిలబెట్టకుండా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకొచ్చాను. చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి అద్దానికి కాస్త ఏటవాలుగా ఆపాను. ముందు అద్దం చూడనంది. "చూస్తూ నిలబడటం నిలబడటం కాదు" అంది. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. అంతవరకు బాగానే లేచింది. నేను ఎడమవైపు నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే అవి నా మాట వినవు.

"వదులుతున్నాను," అని కుర్చీ మీంచి చెయ్యి తీసింది.

రెండు పాదాలూ దగ్గరికి చేర్చింది. ఒకటి అంది. రెండు అనేసరికి ఒళ్ళు ఎడమకి ఒరగడం మొదలైంది. బెత్తెడు ఒరిగింది. మూడు. ఇంకొంచెం.

"చూశావా," అంది. "నిటారుగా ఉన్నాను. ఎవరు పట్టుకున్నారు ఇప్పుడు?"

ముప్పై ఒక్క ఏళ్ళు వరసలో ఎవరి భుజం అంగుళం కిందకి ఉన్నా వీధి అవతల నుంచి కనిపెట్టిన మనిషి. పక్కకి వాలిపోతూ, నిటారుగా ఉన్నానంటోంది. అబద్ధం కాదు, ఆవిడకి నిజంగా అలాగే ఉంది. ఆ జబ్బు పని అది, నిటారు అంటే ఏమిటో అదే మార్చేస్తుంది. పుస్తకాల్లో చదివాను, పేషెంట్లలో చూశాను. మా ఇంటి మనిషిలో చూస్తానని అనుకోలేదు.

"అత్తయ్యా, ఒక్కసారి అద్దంలో చూడండి."

తల తిప్పింది. తిప్పగానే పడింది.

నా చేతులు ఎప్పుడు విడిపోయాయో నాకు తెలియదు. పట్టుకున్నాను. ఇద్దరం కలిసి కుర్చీలో కూలబడ్డాం, ఆవిడ సగం నా ఒళ్ళో. పడబోయే ముందు ఒక్క క్షణం ఆవిడ అద్దంలో చూసుకుంది. అది చాలు. ఒరిగి ఉన్న ఆ మనిషి ఎవరో గుర్తుపట్టడానికి ఆవిడకి అంతకంటే అక్కర్లేదు.

నేను లేచి, ఆవిణ్ణి సర్ది కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండును. తిట్లు తినడం నాకు అలవాటే, తిని దులుపుకుని లేచి టీ పెట్టుకోవచ్చు.

"ఎంత అన్నావు?"

"ఇరవై తొమ్మిది."

"అబద్ధం లేకుండా?"

"అబద్ధం లేకుండా."

"మావాడికి ఫెయిల్ వేసినప్పుడు," అంది, నన్ను కాదు, తన ఎడమచేతిని చూస్తూ, "మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం నా చేతిమీదుగా తినలేదు. నాలుగో రోజు పొద్దున్నే చూస్తే మేడ మీద ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు. నువ్వు నాకు ఆ నాలుగో రోజు రాకుండా చేశావు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. ఓదార్చలేదు కూడా. ఎందుకు ఓదార్చాలి?

"ఇరవై నాలుగని నాకు తెలిసుంటే ఏం చేసేదాన్నో," అంది కాసేపటికి. "చేసినా పెరిగేదో లేదో. అది నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు."

"ఇంటికి వెళదాం అత్తయ్యా. మా ఇంటికి. మంచం మళ్ళీ వేయిస్తాను. పొద్దునా సాయంత్రం నేనే చేయిస్తాను, పట్టుకోకుండా."

"నీ చేత చేయించుకోను," అంది. కోపంగా కూడా అనలేదు, వేళ చెప్పినట్టు చెప్పింది. తరవాత కుడిచెయ్యి ముందుకు చాపింది. "ఇది తియ్యి."

ఆ పట్టీలు చేత్తో ఊడేవి కావు. ఒకసారి నొక్కితే బిగుసుకుపోతాయి, కత్తిరించాల్సిందే. పేషెంట్లు వాళ్ళంతట వాళ్ళు తీసేసుకోకూడదని అలాంటివి తెప్పించారు.

"కత్తెర కావాలి. నర్సు దగ్గర ఉంటుంది."

"తీసుకురా. మావాడు ఎన్నింటికి వస్తానన్నాడు?"

"మూడున్నరకి."

గోడ గడియారం వైపు చూసింది. మూడూ ఇరవై.

"వాడికి నువ్వు ఏమీ చెప్పకు. నేనే చెబుతాను. కూర్చుని మాత్రం చెప్పను."

ఆ చివరి మాట నేను చెవిలో వేసుకోలేదు. ఆవిడ నాతో మాట్లాడుతోందన్న ఆనందంలో మాటలు వినడం మర్చిపోయాను. కుర్చీ బ్రేకులు వేశాను, చేతికర్ర ఆవిడకి అందేటట్టు కుడిపక్క ఆనించాను, రెండు నిమిషాల్లో వస్తానని చెప్పి బయల్దేరాను.

రెండు నిమిషాలు కాదు, పది పట్టింది. నర్సు బల్ల దగ్గర ఎవరూ లేరు. కొత్త పేషెంటు వచ్చాడు, అందరూ అటు పరిగెత్తారు. స్ట్రెచరు మీద కుర్రాడి మొహం, పక్కన కాళ్ళు తడబడుతూ నడుస్తున్న భార్య. ఆమె నన్ను పట్టుకుని, "నడుస్తాడా మేడమ్?" అంది. అందరూ మొదట అడిగేది అదే. ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుని, సొరుగులు వెతికి, కత్తెర తీసుకుని హాల్లోకి వచ్చాను.

అద్దం ముందు ఖాళీ కుర్చీ. కర్ర లేదు.

హాలు అవతలి తలుపు తీసి ఉంది. దాని వెనక పొడుగాటి నడవా, నడవా చివర కిందకి నాలుగు మెట్లు, మెట్లు దిగితే వీధి గుమ్మం. దిగేటప్పుడు పట్టుకునే కడ్డీ ఎడమ పక్కనే ఉంది. ఆ పక్క చెయ్యి ఆవిడకి లేవదు.

తలుపు దగ్గరికి చేరేసరికి కనిపించింది. నడవాలో చాలా దూరం వెళ్ళిపోయింది. కర్ర ముందుకు, కుడికాలు, ఆగి, ఎడమకాలు ఈడ్చి. ఎంత నడిచిందో చూసి ఒక్క క్షణం నాకే గర్వంగా అనిపించింది, ఆ క్షణానికి నన్ను నేను క్షమించుకోలేను. అడుగడుక్కీ ఆవిడ ఎడమకి ఒరుగుతోంది. మెట్లకి ఇంకా ఆరేడు అడుగులు. నాకూ ఆవిడకీ మధ్య పాతిక.

మా పనిలో మొదటి వారంలోనే నేర్పే మాట ఒకటుంది. బ్యాలెన్సు లేని మనిషి నడుస్తుంటే వెనకనించి పిలవకూడదు. పిలిస్తే తల తిప్పుతారు, తిప్పితే పడతారు. ఇప్పుడే అద్దం ముందు చూశాను. పరిగెత్తినా అంతే, అడుగుల చప్పుడుకి వెనక్కి చూస్తుంది. చెప్పులు వదిలేసి, మునివేళ్ళ మీద, ఊపిరి బిగబట్టి, వేగంగా నడవడం మొదలుపెట్టాను.

అప్పుడు మెట్ల కింద నుంచి మా ఆయన తల కనిపించింది. ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చాడు. ఎదురుగా అమ్మ. పక్కన ఎవరూ లేకుండా, తనంతట తను నడిచి వస్తున్న అమ్మ. ఆయన మొహం విచ్చుకుంది. నాలుగడుగులు ముందుకు వేసి చెయ్యి చాపితే అందుతుంది ఆవిడ.

ఆయనకి కనపడేటట్టు రెండు చేతులూ పైకెత్తి ఊపాను. పట్టుకో, పట్టుకో అని నోరు కదిపాను, గొంతు బయటికి రానివ్వకుండా. ఆయన నన్ను చూశాడు. సంతోషం పట్టలేక ఊపుతున్నాననుకున్నాడు. నవ్వుతూ తనూ చెయ్యి ఊపాడు.

జేబులోంచి ఫోను తీశాడు. అమ్మ నడక మొత్తం, తల నుంచి పాదాలదాకా, తెరలో పట్టాలి కాబోలు. ముందుకి వస్తున్నవాడు ఆగాడు. దారి ఇవ్వడానికి గోడవారకి జరిగాడు. ఫోను పైకెత్తి, ఒక కన్ను మూసి చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆవిడ కర్ర జారింది. ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు.